మూడు పూటల పాలు

మా చిన్నతాత గేదెల బేరగాడు.
పళ్ళు చూసి ఈడు చెప్పేవాడు.
సంతలో తువ్వాలు కింద చేతులు దూర్చి
పక్కవాడికి తెలియకుండా
వేళ్ళతోనే ధర తేల్చేవాడు.
కొనేవాడికి మాత్రం ఒకటే మాట:
“మూడు పూటలు నీ చేత్తో పిండుకో.
మొదటి పూట పాలు అమ్మేవాడివి.
మూడో పూటవే గేదెవి.”

గురువారం మధ్యాహ్నం
ఒహాయోలో, టాలివర్ కౌంటీలో దిగాను.
ఆసుపత్రిలో హైమకి ఉద్యోగం ఖాయం.
సంతకం పెట్టేలోపు చూసి రమ్మని పంపింది.
“వంటగది సంగతి తర్వాత. ఊరు చూడు” అంది.

మొదటి పూట డార్లీన్‌ది.
ఆమె కారు నిండా దాల్చినచెక్క వాసన.
మూడు పడగ్గదులు, ఎర్ర కొట్టం, ముప్పావెకరం,
ఎడిసన్‌లో మేం కడుతున్న అద్దె కంటే
నెల వాయిదా నాలుగొందల డాలర్లు తక్కువ.
కుళాయిలు తిప్పి చూపించింది,
కిటికీలు ఎత్తి చూపించింది.
“ఇంత తక్కువెందుకు?” అన్నాను.
“ఇక్కడ ఆకాశానికి డబ్బు తీసుకోం” అంది.
ఇద్దరం నవ్వాం.
చెంబు నిండా నురగ.

రెండో పూట నేనే పిండుకున్నాను.
తెల్లారి అయిదున్నరకి
గేర్ల ఫ్యాక్టరీ గేటు ఎదురుగా కారాపి
షిఫ్టుకొచ్చే బండ్లు లెక్కపెట్టాను.
నూట పద్నాలుగు.
గీతలు గీసిన జాగాలు ఆరొందల పైమాటే.
మిగతా గీతల్ని గడ్డి తుడిచేస్తోంది.

కౌంటీ ఆఫీసులో వెండెల్ వేలు తడి చేసుకుని
పన్నుల పుస్తకం తిప్పాడు.
మూడేళ్ళలో రెండుసార్లు పెంచారు.
“కట్టేవాళ్ళు తగ్గితే, ఉన్నవాళ్ళే మోయాలిగా”
అన్నాడు, పాడె గురించి చెప్తున్నంత మామూలుగా.

మెయిన్ స్ట్రీట్‌లో పదకొండు షాపుల అద్దాలకి
లోపల్నుంచి పాత పేపర్లు అంటించారు.
తేదీలు చదివాను.
అన్నీ ఒకే ఏడాదివి కావు.
అది మంచో చెడో తేల్చుకోలేకపోయాను.
బడికి కొత్త కప్పు వేశారు.
బేకరీలో పిల్లాడికి నా కాఫీ పంచదార గుర్తుంది,
రెండోసారికే.
ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసేశారు.
నొప్పులొస్తే యాభై రెండు మైళ్ళు.

ఆ ఒక్క అంకె పుస్తకంలో రాయలేదు.
హైమకి నాలుగో నెల.

రాత్రి మళ్ళీ ఆ వీధికే వెళ్ళాను.
హెడ్‌లైట్లు ఆర్పి దీపాలు లెక్కపెట్టాను.
ఇరవై మూడు ఇళ్ళు. వెలిగినవి తొమ్మిది.
పదో వెలుగు నా కారు అద్దం మీద పడింది.
టార్చి పట్టుకుని ఒక ముసలావిడ,
నైటీ మీద వేట కోటు.
“దొంగవా? కొనేవాడివా?”
రెండోదే అన్నాను, అంత నమ్మకంగా కాదు.

లొరెట్టా ఫ్యాంచర్. పక్కిల్లు.
మీ ఆవిడేం చేస్తుంది? నువ్వేం చేస్తావు?
ఇంట్లో కూర్చుని లారీలు నడిపిస్తావా, అదేం పని?
మంచు తవ్వడం వచ్చా?
గట్టిగా పాటలు పెడతారా?
నేను గీసుకొచ్చిన గళ్ళకంటే
ఆవిడ దగ్గరే ఎక్కువ గళ్ళున్నాయి.
“ఎన్నేళ్ళుంటారు?”
పొద్దున ఫ్యాక్టరీని నేనడిగిన ప్రశ్న.
ఫ్యాక్టరీలాగే నోరు తెరిచి ఊరుకున్నాను.
టార్చి వెలుగు
నా పళ్ళ మీద నిలబడింది.

“ఆ ఇంట్లో ఫర్నేసు ఈడు అడుగు.
డార్లీన్ చెప్పదు” అని లోపలికెళ్ళింది.
కారు తిప్పుకోవడానికి వీలుగా
వసారా దీపం వేసింది.
మలుపు దాటాక అద్దంలో చూశాను.
ఆర్పేసింది. కరెంటు బిల్లూ ఒక అంకే.

మోటెల్ మంచం చివర కూర్చుని
హైమకి ఫోన్ చేశాను.
“ఎలా ఉంది?” అంది.
ఎర్ర కొట్టం నాలిక చివరిదాకా వచ్చింది.
దాన్ని మింగి, తువ్వాలు తీసేసి,
యాభై రెండు దగ్గర మొదలుపెట్టాను.